ఇచ్చినవారి సంతకం

ఉతికిన బట్టలకు డబ్బులివ్వలేక ఏకంగా ఫుట్‌బాల్ క్లబ్బు రాసిచ్చేసిన మనిషిని మీరెక్కడైనా చూశారా? లాండ్రీ అక్క చూసింది. చూసి ఊరుకుందా అంటే అదీ లేదు. ఆ కాగితాలు చక్కగా మడిచి, సొరుగులో పెట్టి, తాళం కూడా వేసింది. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి!

ఆ మనిషి టైర్ల వ్యాపారి, క్లబ్బుకు పాత యజమాని. నాలుగేళ్ళపాటు వారం వారం రెండు మూటల జెర్సీలు, నిక్కర్లు, మేజోళ్ళు పంపించాడు. బురద పట్టిన మేజోళ్ళు ఉతకడమంటే మాటలు కాదు. ముందు తిరగేసి దులపాలి, చన్నీళ్ళలో నానబెట్టాలి, ఆ తర్వాతే యంత్రంలో వెయ్యాలి. తొందరపడి వేస్తే ఆ మట్టంతా ఆసుపత్రి దుప్పట్లకు అంటుకుని కూర్చుంటుంది. ఇంత చేయించుకుని, డబ్బులడిగితే "వచ్చే నెల, అక్కా" అనేవాడు. అలాంటి వచ్చే నెలలు ఎన్ని వచ్చి పోయాయో! చివరికి ఒకరోజు ఒక ఫైలు తెచ్చి కౌంటర్ మీద పడేసి, "అక్కా, నా దగ్గర ఇంతకుమించి ఏమీ లేదు. మైదానం లీజు, జట్టు, పేరు, కప్పుల బీరువా, అన్నీ నువ్వే తీసుకో. నన్నొదిలెయ్" అన్నాడు. ఆ బీరువాలో ఉన్నవి రెండే కప్పులు. అందులో ఒకదానికి పిడి లేదు.

బుద్ధున్నవాళ్ళెవరైనా దండం పెట్టి ఆ ఫైలు వెనక్కి తోసేసేవాళ్ళు. అక్కకు బుద్ధి లేక కాదు. నాలుగేళ్ళుగా ఆ బట్టలు ఉతికీ ఉతికీ, ఆట చూడకుండానే ఎవడెలా ఆడాడో చెప్పే స్థితికి వచ్చేసింది. ఏడో నంబరు నిక్కరు వెనకంతా పచ్చగా వస్తే "పాపం, ఒళ్ళు దాచుకోలేదు" అనేది. తొమ్మిదో నంబరు మల్లెపువ్వులా వస్తే "వీడు నిలబడి చూసొచ్చాడు, వీడి బట్టలు ఉతకడం కూడా దండగే" అనేది. అలాంటి మనిషికి జట్టే చేతికొస్తే వదులుతుందా?

ఆ తర్వాత తెలిసొచ్చింది క్లబ్బు అంటే ఏమిటో. అక్క దేన్నైనా దుప్పట్లలో లెక్కేసేది, ఎన్ని దుప్పట్లు ఉతికితే ఆ డబ్బొస్తుందో అని. ఒక నెల దీపాల బిల్లు, ఆరువేల దుప్పట్లు. గడ్డికి నీళ్ళు, ఎరువు, కోత, రెండువేల దుప్పట్లు. బయటి ఊరి మ్యాచ్‌కు బస్సు, ఎనిమిది వందలు. జట్టు గెలిస్తేనే జనం టిక్కెట్లు కొంటారు, మంచి ఆటగాళ్ళుంటేనే జట్టు గెలుస్తుంది, జీతాలిస్తేనే మంచి ఆటగాళ్ళుంటారు. టిక్కెట్ల డబ్బులు ఎప్పుడొస్తాయో దేవుడికెరుక, జీతాలు మాత్రం ఒకటో తారీఖున ఇచ్చి తీరాలి. ఒక్క సీజన్ ఓడి కింది లీగ్‌కి పడిపోతే జనం సగమవుతారు, జీతాలు మాత్రం అలాగే ఉంటాయి. పైగా లీగ్‌వాళ్ళు హామీ అడిగితే అక్క లాండ్రీనే హామీగా రాసిచ్చింది. అంటే క్లబ్బు మునిగితే యంత్రాలు, బాయిలర్, ఇస్త్రీ బల్లలు, కౌంటర్ మీది గంటతో సహా అన్నీ పోతాయన్న మాట.

"దీనికి అడుగు లేదక్కా, పోసిన కొద్దీ పోతూనే ఉంటుంది" అని లెక్కలు చూసే తమ్ముడు నెలకోసారి తల పట్టుకునేవాడు. తోడబుట్టినవాడు, చదువుకున్నవాడు, అక్కంటే ప్రాణం. అదే వాడి బాధ. వేరేవాళ్ళ లెక్కలైతే నిద్ర పట్టేదేమో.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆటగాళ్ళతో రాతపూర్వకంగా ఒప్పందాలు ఉండాలని లీగ్ నిబంధన. ఇరవై మూడు మందికి ఇరవై మూడు. ఒక్కో ఒప్పందానికి వకీలు అడిగిన ఫీజు విని అక్కకు కళ్ళు తిరిగాయి. "కాగితం మీద నాలుగు ముక్కలు రాయడానికి అంతా? మన దగ్గర లేవా ఏమిటి కాగితాలు?" అని అటక మీదనుంచి ఒక కట్ట దించింది. గులాబీరంగు లాండ్రీ చీటీలు! ముప్పై ఏళ్ళుగా అవే చీటీలు, అవే మాటలు. వస్తువు పేరు. గుర్తు నంబరు. తీసుకున్నప్పటి స్థితి: మరకలు, చిరుగులు. తిరిగి ఇచ్చే తేదీ. ఇచ్చినవారి సంతకం. అట్టడుగున అచ్చులో రెండు వాక్యాలు: "మా వద్ద ఉన్నంతకాలం వస్తువుకు జరిగే నష్టానికి మాదే బాధ్యత. ఇచ్చినది ఇచ్చినట్టే తిరిగి ఇవ్వబడును."

చీటీ వెనక జీతం, మూడేళ్ళ గడువు చేత్తో రాసేసింది. మరి ముందువైపు ఖాళీలు? ఖాళీ వదలడం అక్కకు చేతకాదు. "ఇచ్చినవారి సంతకం ఉండాల్సిందే, మీ ఇంట్లోవాళ్ళను తీసుకురండి" అంది. ఒకడు అన్నను తెచ్చాడు, ఒకడు తాతను తెచ్చాడు. గోల్‌కీపర్ పెళ్ళాం వచ్చి, మరకలు, చిరుగులు అన్న చోట "గురక" అని రాయించి, "ఇది మీ దగ్గరికి రాకముందునుంచీ ఉంది, తర్వాత నన్ననొద్దు" అంది. లాండ్రీ అంతా పడీ పడీ నవ్వారు.

నవ్వనిది ఒక్కావిడే. రెక్కమీద, అంటే మైదానం అంచువెంట పరిగెత్తుతూ ఆడే కుర్రాడి తల్లి. వాడి పరుగు చూసి జనం జింక అని పేరు పెట్టారు. అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్ళు. తల్లి బస్సు డిపోలో చిరిగిన సీట్లు కుడుతుంది. ఆవిడ చీటీ తీసుకుని, ముందూ వెనకా రెండుసార్లు చదివి, అడుగున ఉన్న వాక్యాల మీద వేలు పెట్టింది.

"ఇది నిజమేనా అండీ? మాటవరసకా?"

"ముప్పై ఏళ్ళలో చేతిగుడ్డ కూడా పోలేదమ్మా మా దగ్గర" అంది అక్క.

ఆవిడ కొడుకును కిటికీ దగ్గరికి లాగి, వెలుతురులో నిలబెట్టి, ఎగాదిగా చూసింది. వాడు సిగ్గుతో చచ్చిపోతున్నాడు. "రాసుకోండి. ఎడమ కనుబొమ్మ మీద గాటు. చిన్నప్పుడు గుమ్మం తగిలింది. ఇంకేమీ లేదు. ఇంకేమీ లేదని కూడా రాయండి" అంది. అక్క రాసింది. ఆవిడ సంతకం చేసి, తన సగం చీటీ చింపుకుని, పర్సులో పెట్టుకుని వెళ్ళిపోయింది. లీగ్ ఆఫీసులో ఎవరో ఆ ఇరవై మూడు చీటీల మీద చదవకుండానే ముద్ర కొట్టారు.

ఇరవై నెలలు బాగానే గడిచాయి. ఆ తర్వాత ఒక ఆదివారం సాయంత్రం ఆటలో, కార్నర్ జెండా దగ్గర, జింక ఒక్కడే ఉన్నాడు. ఎవరూ తోయలేదు, ఎవరూ తన్నలేదు. మలుపు తిరగబోయాడు, కుడికాలు తిరగలేదు. స్టాండ్‌లో కూర్చున్న అక్కకు చప్పుడు వినబడలేదు గానీ వాడు పడిన తీరు చూసి లేచి నిలబడింది. మోకాల్లో లిగమెంటు తెగిందన్నాడు డాక్టరు. ఆపరేషన్, ఏడాదిన్నర విశ్రాంతి, ఆపైన ఆడతాడో లేదో చెప్పలేమన్నాడు. ఆ వారం వాడి నిక్కరు అక్క స్వయంగా ఉతికింది. ఒక్క మరక కూడా లేదు, అప్పుడే మొదలైంది కదా ఆట.

సరిగ్గా అదే నెలలో లీగ్‌వాళ్ళు లైసెన్సుల తనిఖీ పెట్టారు. ఈసారి ఎవరో చదివారు. కొంపలంటుకున్నాయి.

తమ్ముడు ఉత్తరం పట్టుకుని లాండ్రీలోకి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, మిగతా క్లబ్బులన్నీ దెబ్బ తగిలినవాడికి ఎనిమిది వారాలు జీతమిచ్చి చేతులు దులుపుకుంటాయి. మన చీటీ ప్రకారం వాడు బాగయ్యేదాకా జీతం, వైద్యం అన్నీ మనవే. ఎప్పటికి బాగవుతాడో తెలియదు. అంతు తెలియని బాధ్యత ఉన్న క్లబ్బుకు లైసెన్సు ఇవ్వరట. శుక్రవారం మధ్యాహ్నంలోపు ఆ చీటీ రద్దు చేసుకోవాలి, లేదా డిపాజిట్ కట్టాలి."

"ఎంత?"

తమ్ముడు అంకె చెప్పలేదు. అక్క భాషలోనే చెప్పాడు. "నలభై ఎనిమిది వేల దుప్పట్లు."

యంత్రాల హోరులో కూడా ఆ మాట అందరికీ వినబడింది. తడి గుడ్డలు పిండుతున్నావిడ చేతులు ఆగిపోయాయి. లైసెన్సు పోతే క్లబ్బు పోతుంది, క్లబ్బు పోతే హామీ పెట్టిన లాండ్రీ పోతుంది. అది అక్కడ పనిచేసే పద్నాలుగు మందికీ తెలుసు.

"దారి ఉందిలే" అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి. "నిన్న ఆసుపత్రికి వెళ్ళి జింకతో మాట్లాడాను. పాపం మంచివాడు. ఎనిమిది వారాల జీతం చాలు, ఇంకేమీ అడగనని సంతకం చేసేశాడు. ఇదిగో."

అక్క ఆ కాగితం వంక చూసింది. చూసి, నవ్వింది. కోపం వస్తే అక్క ముందు నవ్వుతుంది. తమ్ముడికి ఆ సంగతి తెలుసు, అందుకే ఒకడుగు వెనక్కి వేశాడు.

"వీడి సంతకం ఎవడికి కావాలిరా? చొక్కా వచ్చి 'నా చిరుగు గురించి పట్టించుకోకండి' అని సంతకం పెడితే చెల్లుతుందా? ఇచ్చినావిడ ఏమంది?"

తమ్ముడు నసిగాడు. "ఆవిడ దగ్గరికీ వెళ్ళాను. చీటీ ఇచ్చెయ్యమన్నాను. ఆలోచించుకుని చెబుతానంది."

ఆవిడ ఆలోచించుకుని మర్నాడే వచ్చింది. లాండ్రీ బాగా రద్దీగా ఉండే వేళ. కౌంటర్ ముందు తొమ్మిదిమంది నిలబడి ఉంటే పదోదానిగా వరసలో నిలబడింది. డిపో నీలం అంగీ మీద దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. అక్క చూసి "ముందుకు రండమ్మా" అంటే, "నా వంతు రానివ్వండి" అంది. వంతు వచ్చాక పర్సులోంచి సగం చీటీ తీసి కౌంటర్ మీద పెట్టి, రెండు వేళ్ళతో అదిమి పట్టుకుంది.

"మీ తమ్ముడుగారొచ్చారండీ. చీటీ ఇచ్చేస్తే ఎనిమిది వారాల డబ్బు ఇస్తామన్నారు. మావాడు కూడా ఇచ్చెయ్యమ్మా, అక్క మునిగిపోతుంది అంటున్నాడు. మీరు మునగాలని నాకేమీ లేదు. కానీ నా వస్తువు నాకు రాకుండా చీటీ ఎలా ఇవ్వను? ఆసుపత్రి మంచమ్మీద ఉన్నాడు, వెళ్ళి తీసుకుపొమ్మంటే అది నేనిచ్చినట్టేనా? మీరే చెప్పండి."

వెనక గదిలో తమ్ముడు తలుపు దగ్గరికి జరిగాడు. ఇవ్వండమ్మా అని ఒక్క మాట అంటే చాలు, అంతా తేలిపోతుంది. తమ్ముడు ఆ మాట కోసం చూస్తున్నాడు.

అక్క ఆ చీటీని ఆవిడ వేళ్ళ కిందినుంచి మెల్లగా తీసి, మడతలు సరిచేసి, తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టింది.

"ఇవ్వొద్దు. నా తమ్ముడు కాదు, నేనే వచ్చి అడిగినా ఇవ్వొద్దు. మీవాడు బాగయ్యాక తీసుకురండి చీటీ."

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. తమ్ముడు వెనక గదిలోనే ఒక దుప్పట్ల మూట మీద కూలబడి, "అయిపోయాం" అన్నాడు.

"నలభై ఎనిమిది వేల దుప్పట్లు ఎక్కడినుంచి తెస్తావే?" అని అరిచాడు తర్వాత. "అన్నీ లెక్కేశాను. ఇంట్లో ఉన్న ప్రతి చెంచా అమ్మినా రాదు!"

అక్క గోడవైపు చూస్తోంది. గోడ వారనే ఉంది రోలర్. ఒకవైపు తడి దుప్పటి పెడితే రెండోవైపు పొడిగా, చదునుగా, మడత పెట్టడానికి సిద్ధంగా వచ్చే పెద్ద ఇస్త్రీ యంత్రం. ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు. పక్కవీధి లాండ్రీవాడు రెండేళ్ళుగా దాన్ని అమ్మమని కబుర్లు పంపుతూనే ఉన్నాడు.

దాన్ని చూసుకునేది అక్క భర్త. బాయిలర్ పని కూడా ఆయనదే. తమ్ముడు బావా అని పిలుస్తాడు కాబట్టి లాండ్రీలో అందరికీ ఆయన బాయిలర్ బావే. రోజుకు పది మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు రోలర్‌తోనే. పొద్దున రాగానే దాని మీద చెయ్యి వేసి వేడి చూస్తాడు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు.

"ఏమండీ" అంది అక్క. ఆ ఒక్క పిలుపుకే ఆయనకు అర్థమైపోయింది. రోలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. జేబులోంచి గుడ్డ తీసి, మీటరు అద్దం తుడిచాడు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. దాచుకోవడానికి ప్రయత్నించలేదు కూడా.

"ఇది లేకపోతే హోటల్ దుప్పట్ల పని పోతుంది. అన్నీ చేత్తోనే ఇస్త్రీ చెయ్యాలి. నీ భుజం చూసుకున్నావా?" అన్నాడు.

"చూసుకున్నాను. మీకిష్టం లేకపోతే వద్దు. కానీ ఇప్పుడు మాట తప్పితే రేపటినుంచి ఎవరికీ ఆ చీటీ ఇవ్వలేనండీ నేను. ఆ అచ్చు వాక్యాలు చూపించలేను."

ఆయన పనిముట్ల పెట్టె దగ్గరికి వెళ్ళి, పెద్ద పానా తెచ్చాడు. "వాళ్ళ మనుషులు ఊడదీస్తే బోల్టులు పాడుచేస్తారు, నేనే విప్పుతాను" అన్నాడు. నేలలో దిగిన నాలుగు బోల్టులు విప్పడానికి గంటన్నర పట్టింది. ఒక్కరు కూడా సాయానికి వెళ్ళలేదు. వెళ్తే ఊరుకోడని తెలుసు.

శుక్రవారం పొద్దున లీగ్ ఆఫీసు. పొడుగాటి బల్ల, దాని మీద ఆకుపచ్చ గుడ్డ, బల్లకు అటువైపు ముగ్గురు. మధ్యలో ఉన్న పెద్దమనిషి కళ్ళజోడు పెట్టుకుని గులాబీ చీటీని చదివి, పక్కవాళ్ళకు చూపించి, ముసిముసిగా నవ్వాడు.

"ఇది ఆటగాడి ఒప్పందమా, చాకలి పద్దా అమ్మా?"

పక్కనున్నతను ఇంకో అడుగు ముందుకేసి, "మరకలు, చిరుగులు అట! కాస్త గంజి కూడా పెడతారా?" అన్నాడు. ముగ్గురూ నవ్వారు. తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి.

అక్క వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగింది. తర్వాత కుర్చీ జరుపుకుని ముందుకు వంగి, బల్లమీది ఆకుపచ్చ గుడ్డ అంచు తిరగేసింది. అంచు లోపల చిన్న తెల్లగుడ్డ ముక్క, దాని మీద చెరగని సిరాతో నాలుగు వందల పద్దెనిమిది.

"ఇది నా గుర్తు నంబరు. మూడేళ్ళ కిందట మీ పాత బల్లగుడ్డ మా ఇస్త్రీలో కాలింది. నేనేమీ దాచలేదు. ఆ మర్నాడే మా ఖర్చుతో ఈ కొత్త గుడ్డ కొని, నంబరు కుట్టి పంపించాను. ఆ చీటీ కూడా గులాబీదే. కింద ఇవే వాక్యాలు. అప్పుడు చాకలి పద్దు అని తోసిపుచ్చారా? పుచ్చుకున్నారుగా సుబ్బరంగా! మీ బల్లగుడ్డకు చెల్లిన మాట ఒక తల్లి కన్న బిడ్డ మోకాలికి చెల్లదా?"

ఆ పక్కనున్నతను బల్లగుడ్డ మీదనుంచి మోచెయ్యి తీసేశాడు.

పెద్దమనిషి మాత్రం మెత్తబడలేదు. ఆయన పని ఆయనది. "మీ మాట నేను కాదనను. కానీ నిబంధన నేను మార్చలేను. ఆ అబ్బాయి రెండేళ్ళకూ బాగవకపోతే?"

"నా దగ్గరే ఉంటాడు."

"పదేళ్ళకు?"

"బాగుచెయ్యని వస్తువు నేను తిరిగివ్వను. మీకు లెక్క కావాలంటే అది మీ కష్టం. ఇదిగో మీ డిపాజిట్" అని రోలర్ అమ్మిన చెక్కు బల్లమీద పెట్టింది. భయం లేదని ఎవరన్నారు? అయినా ఆ చెక్కు వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

లైసెన్సు వచ్చింది. ఆ బల్లగుడ్డ మాత్రం ఆ నెలనుంచి వేరే లాండ్రీకి వెళ్ళిపోయింది.

తర్వాతి పదహారు నెలలు ఎలా గడిచాయో అక్క భుజాన్ని అడగాలి. హోటల్ పని పోయింది. చేతి ఇస్త్రీపెట్టెలు ఆరు కొన్నారు. అక్క, బావ, పనివాళ్ళు వంతులవారీగా నిలబడి రుద్దారు. తమ్ముడు కూడా సాయంత్రాలు వచ్చి, ఆడిటర్ చేతులతో దిండు గలీబులు ఇస్త్రీ చేసి, మూడింటిలో ఒకదానికి ముడతలు పెట్టేవాడు. జట్టు గొప్పగా ఏమీ ఆడలేదు. కిందినుంచి లెక్కపెడితే మూడోస్థానం. కానీ ఒకటో తారీఖున జీతం ఎవరికీ ఆగలేదు, జింకకు కూడా. వాడు కర్రలతో వచ్చాడు, తర్వాత ఒక కర్రతో, తర్వాత గోడ పట్టుకుని. ఊరికే జీతం తీసుకోలేనని కౌంటర్‌లో కూర్చుని చీటీలు రాసేవాడు. వాడి అక్షరాలు కోడి గీకినట్టుంటాయని అక్క రోజూ తిట్టేది.

పదహారో నెల చివర, మూడేళ్ళ గడువు తీరే వారంలో, తల్లి వచ్చింది. మళ్ళీ వరసలోనే నిలబడింది. చీటీ మడతల దగ్గర చిరిగిపోతే వెనక గుడ్డ పెట్టి కుట్టుకుంది.

"డాక్టరు ఆడొచ్చన్నాడటండీ. నేను చూసుకోవాలి."

లాండ్రీ వెనక సందులోకి నడిచారు అందరూ. తీగలమీద దుప్పట్లు ఆరుతున్నాయి. ఆవిడ కొడుకును గొంతుక్కూర్చోమంది, లేవమంది. గట్టు ఎక్కమంది, దూకమంది. చివరికి సందు ఆ చివరినుంచి ఈ చివరికి పరిగెత్తమంది. వాడు పరిగెత్తాడు. దుప్పట్లు ఎగిరి పడ్డాయి. మునుపటి పరుగు కాదు అది, చూసినవాళ్ళకు తెలుస్తుంది, ఒక అరడుగు తగ్గింది. కానీ మలుపు దగ్గర కుడికాలు తిరిగింది.

తల్లి వంగి వాడి మోకాలు చూసింది. జానెడు కుట్టు, మెరుస్తూ. "ఇది నేనిచ్చినప్పుడు లేదు" అంది.

"లేదు" అంది అక్క. "పోదు కూడా. బాగుచేయించాను వదినా, కనబడకుండా చెయ్యడం ఎవరివల్లా కాలేదు."

ఆవిడ ఆ కుట్టు మీద బొటనవేలితో రాసి చూసింది, సీటు కుట్టాక పట్టు చూసినట్టు. "గట్టిగానే ఉంది" అంది. లోపలికొచ్చి, చీటీ మీద 'అందింది' అని రాసి, సంతకం చేసి, కౌంటర్ మీద పెట్టింది.

తమ్ముడు అప్పుడు మాట్లాడాడు. పాపం, పదహారు నెలలుగా ఈ ఘడియ కోసమే ఎదురుచూశాడు. చేతిలో కొత్తగా అచ్చువేయించిన తెల్లచీటీల కట్ట ఉంది, ఎనిమిది వారాల లెక్కతో. "అక్కా, అందరి గడువూ ఈ వారమే తీరుతోంది. ఇకనుంచి ఈ తెల్లవి రాస్తే డిపాజిట్ మొత్తం వెనక్కి ఇస్తామని లీగ్‌వాళ్ళు ఉత్తరం రాశారు. ఒక్క గులాబీ చీటీ కనబడినా ఇవ్వరు. బావా, రోలర్ తిరిగి కొనొచ్చు. వాడు అమ్ముతానన్నాడు, నేను మాట్లాడాను."

బాయిలర్ బావ గోడ వారన నేలవైపు చూశాడు. నాలుగు బోల్టుల గుంతలు అలాగే ఉన్నాయి. రోజూ ఊడ్చి శుభ్రంగా ఉంచుతాడు వాటిని.

తల్లి మాత్రం కదల్లేదు. కౌంటర్ దగ్గరే నిలబడి ఉంది. "వీడు ఇంకో మూడేళ్ళు ఆడతాడట. ఇక్కడే ఆడతాడట. పెద్దక్లబ్బువాళ్ళు ఎవరో పిలిచారు గానీ, వాళ్ళ కాగితం నేను చదివాను. మరకలు, చిరుగులు రాసుకోవడానికి అందులో చోటే లేదు" అంది. తర్వాత అక్క కళ్ళలోకి చూసింది. "ఇంకో చీటీ రాస్తావా వదినా?"

తమ్ముడు తెల్లకట్ట ముందుకు జరిపాడు. అక్క దాన్ని చూసింది. తన భుజం పట్టుకుని ఒకసారి తిప్పుకుంది. తర్వాత భర్త వైపు చూసింది.

ఆయన గుంతల మీదనుంచి చూపు మరల్చి, "ఇస్త్రీపెట్టెలు బాగానే పనిచేస్తున్నాయి" అని బాయిలర్ గదిలోకి వెళ్ళిపోయాడు.

అక్క సొరుగు లాగి గులాబీ చీటీ తీసింది. కలం విదిల్చి, వస్తువు పేరు దగ్గర ఏదో రాసి, తలెత్తింది.

"చెప్పు వదినా. తీసుకున్నప్పటి స్థితి?"

ఆవిడ కొడుకును మళ్ళీ కిటికీ దగ్గరికి లాగింది. ఈసారి వాడు సిగ్గుపడలేదు, తిన్నగా నిలబడ్డాడు.

"రాసుకో. ఎడమ కనుబొమ్మ మీద గాటు. కుడి మోకాలి మీద జానెడు కుట్టు, గట్టిగా ఉంది. ఇంకేమీ లేదు."

"ఇంకేమీ లేదు" అని పైకి అనుకుంటూ రాసింది అక్క. తమ్ముడు ఆఖరి ప్రయత్నంగా, "అక్కా, కనీసం ఆ అడుగు వాక్యాలైనా కొట్టెయ్యవే!" అన్నాడు.

అక్క కలం అక్కడికి తీసుకెళ్ళింది. "ఇచ్చినది ఇచ్చినట్టే తిరిగి ఇవ్వబడును" అన్న మాటల కింద, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా ఒక గీత గీసి, సంతకానికి ఆవిడ వైపు తిప్పింది.